ఎంటర్ ఎక్కడ కొట్టాలి?

ప్రపంచంలో అన్నిటికంటే పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం ఖరగ్‌పూర్‌లో ఉందని పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఒకప్పుడు కంఠతా పట్టేవారు. పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్‌లో 1366 మీటర్ల ప్లాట్‌ఫారం తయారై ఆ రికార్డును పట్టుకుపోయింది. 2023 మార్చిలో హుబ్బళ్లి 1507 మీటర్లతో గోరఖ్‌పూర్‌నూ దాటేసింది. అచ్చు పుస్తకంలో పడ్డ వాక్యం పడ్డట్టే ఉండిపోతుంది. వికీలో వాక్యాన్ని మాత్రం ఎవరో ఒకరు దిద్దాలి, అదీ రికార్డు చేతులు మారినప్పుడల్లా.

ఆ దిద్దే మనిషి ఖరగ్‌పూర్‌లోని ప్రేమ్ బజార్‌లో ఉన్నాడనుకుందాం. ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న బజారు అది. ఆ చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకున్న విద్యార్థుల్లోనూ, ఊళ్లోని రైల్వే కుటుంబాల్లోనూ తెలుగువాళ్లు బాగానే ఉంటారు. బెంగాల్-నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చి ఇక్కడే స్థిరపడినవాళ్ల మనుమలు, మునిమనుమలు కొందరు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు ఎన్నాళ్లుగానో అడుగుతున్నందువల్లే. అలాంటి ఇంటి కుర్రాడికి తెలుగు వికీపీడియాలో తన ఊరి వ్యాసాన్ని బాగుచేయాలనిపిస్తే అందులో వింతేముంది?

ఫోనులో ‘సవరించు’ నొక్కుతాడు. పెట్టె తెరుచుకుంటుంది. స్టేషను గురించిన పేరా ఇరవై వరుసల పొడుగున కిందికి దిగుతుంది. అదే పేరాను ల్యాబులోని పెద్ద తెర మీద తెరిస్తే నాలుగు వరుసల్లో సర్దుకుంటుంది. ఫోనును అడ్డంగా తిప్పితే పదో పన్నెండో. వికీ సర్వరులో మాత్రం ఆ పేరాకు ఉన్నది ఒకే ఒక్క వరుస. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా మధ్యలో ఎక్కడా తెంపు లేదు. తెర మీది ఇరవై వరుసలూ బ్రౌజరు అప్పటికప్పుడు పోసిన కుచ్చిళ్లు. చీరకు ఎన్ని కుచ్చిళ్లు పోసినా బట్ట తెగదు కదా, విప్పితే మళ్లీ అదే చీర. కంప్యూటరువాళ్లు దీన్ని సాఫ్ట్ ర్యాప్ అంటారు. మనం మడత అందాం. ఎంటర్ కొడితే పడేది హార్డ్ ర్యాప్, అంటే తెంపు. తెంపు కూడా ఒక అక్షరమే. ‘అ’ ఎలా ఫైల్లో చేరుతుందో అదీ అలాగే చేరుతుంది. కాకపోతే దానికి ఆకారం లేదు. మడత పడ్డచోటా తెంపు పడ్డచోటా కంటికి కనబడేది ఒకటే: కింది వరుస మొదలవడం.

వచ్చే చిక్కులన్నీ ఈ పోలిక వల్లే.

బ్రౌజరు మడత పెట్టే పద్ధతి చాలా సాదాసీదాగా ఉంటుంది. పదాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతుంది. ఇక పట్టదనిపించిన పదాన్ని కింది వరుసకు దించుతుంది. అయిపోయిన వరుస వైపు మళ్లీ చూడదు. డొనాల్డ్ నూత్, మైకేల్ ప్లాస్ కలిసి 1981లో ప్రచురించిన పద్ధతి ఇలా కాదు. అది పేరా మొత్తాన్ని ముందేసుకుని, ఎక్కడెక్కడ విరిస్తే అన్ని వరుసలూ కలిపి చూడ్డానికి బాగుంటాయో లెక్క కట్టి, ఆ తర్వాతే మొదటి వరుసను ఖాయం చేస్తుంది. నూత్ రాసిన టెక్ అనే అచ్చు సాఫ్ట్‌వేరు చేసే పని ఇదే. పుస్తకానికి అది తగును. మీరు టైపు చేస్తుండగా, ఒక్కో మీట నొక్కినప్పుడల్లా పేరా మొత్తం పైనుంచి కదిలిపోతుంటే మాత్రం భరించలేరు. సవరణ పెట్టెకు ఆ మొరటు పద్ధతే మేలు.

పదాన్ని ఎక్కడ విరవొచ్చు, ఎక్కడ కూడదు అన్న నియమాలు యూనికోడ్ ప్రమాణానికి చేర్చిన 14వ నంబరు అనుబంధంలో ఉన్నాయి. ఖాళీ తర్వాత విరవొచ్చు. హైఫన్ తర్వాత విరవొచ్చు. మూసే కుండలీకరణానికి ముందు కూడదు. 1072.5 లాంటి సంఖ్య మధ్యలో కూడదు. థాయి భాషలో పదాల మధ్య ఖాళీలు వదలరు కనుక అక్కడ నిఘంటువు పెట్టుకుని మరీ వెతకాలి. తెలుగుకు అంత శ్రమ లేదు, ఖాళీ ఉన్నచోట విరిస్తే చాలునని ఆ నియమాలు తేల్చేశాయి. మనం నోటుపుస్తకంలో అలా రాయం. వరుస చివర చోటు చాలకపోతే ‘విశ్వవిద్యా’ అని ఆపి, కింద ‘లయం’ అని మొదలుపెడతాం, మధ్యలో అడ్డగీత కూడా పెట్టం. తెలుగు దినపత్రికల ఇరుకు కాలమ్‌లలో ఇప్పటికీ ఈ పద్ధతి కనిపిస్తుంది. బ్రౌజరు మాత్రం ఎంత పొడుగు పదాన్నైనా మూటగట్టి కిందికి దించుతుంది. సంధులూ విభక్తులూ కలిసి సాగే మన పదాలు ఫోను వెడల్పులో సగాన్ని ఆక్రమిస్తాయి. అందుకే ఫోనులో తెలుగు పేరా కుడి అంచు పళ్లూడిన దువ్వెనలా కనబడుతుంది. కేరళకు చెందిన సంతోష్ తోట్టింగల్ తెలుగుతో సహా భారతీయ భాషలకు పదాలను విరిచే సూత్రాలు తయారుచేశారు, టెక్‌లో అవి చేరాయి కూడా. సవరణ పెట్టె లోపల మాత్రం వాటి ప్రసక్తి లేదు.

మన కుర్రాడు ఆ గజిబిజి అంచును చూసి, సరిచేద్దామని వరుస చివర్లలో ఎంటర్ కొట్టుకుంటూ పోవచ్చు. లేదా రైల్వే వాళ్ల పాత కరపత్రం పీడీఎఫ్ నుంచి నాలుగు వాక్యాలు కాపీ చేసి అతికించొచ్చు. పీడీఎఫ్ నుంచి తెచ్చుకున్న పాఠానికి అచ్చులో వరుస ఎక్కడ ముగిసిందో అక్కడల్లా సాధారణంగా ఒక తెంపు అంటుకుని వస్తుంది. దారి ఏదైతేనేం, ఒక పేరాలోకి పన్నెండు తెంపులు చేరాయి. ఏమవుతుందో చెప్పేముందు, అసలు ఈ తెంపు అనే వస్తువు ఎక్కడిదో కొంచెం చూడాలి.

టెలిప్రింటరులో కొత్త వరుస మొదలెట్టాలంటే రెండు పనులు జరగాలి. అచ్చువేసే తల ఎడమ అంచుకు తిరిగి రావాలి, కాగితం ఒక వరుస పైకి జరగాలి. రెండు కదలికలకూ రెండు వేర్వేరు సంకేతాలు పంపేవారు: క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్. 1960లో మద్రాసులో పెట్టిన హిందుస్తాన్ టెలిప్రింటర్స్ యంత్రాలు మన తంతి కార్యాలయాల్లో టకటకలాడిన కాలంలో ఆ రెండు సంకేతాలకూ నిజంగానే పని ఉండేది. కదిలే తలా కాగితమూ పోయాక కూడా సంకేతాలు మిగిలాయి. విండోస్ రెండూ ఉంచుకుంది. యూనిక్స్ లైన్ ఫీడ్ ఒక్కటే చాలంది. పాత మ్యాకింటోష్ క్యారేజ్ రిటర్న్‌తో సరిపెట్టుకుంది. విచిత్రమేమిటంటే, ఈ రోజు కూడా మీరు ఏ కంప్యూటరు నుంచి వికీ పేజీని భద్రపరచినా బ్రౌజరు ప్రతి తెంపునూ ఆ రెండు సంకేతాలుగానే పంపుతుంది. వెబ్ పేజీల భాష అయిన హెచ్‌టీఎంఎల్ ప్రమాణం అలా పంపమంది. అవతల వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేరు మీడియావికీ అందులోంచి క్యారేజ్ రిటర్న్‌ను ఏరి పారేసి, ఒక్క లైన్ ఫీడ్‌నే దాస్తుంది.

వరుసకు 80 అక్షరాలే ఉండాలన్న కంప్యూటరువాళ్ల లెక్క కూడా పాతదే. 1928లో ఐబీఎం తెచ్చిన చిల్లుల కార్డులో 80 నిలువు గళ్లుండేవి. తర్వాత వచ్చిన తెరలూ అదే పుణికిపుచ్చుకున్నాయి. 1978 నాటి డెక్ కంపెనీ వీటీ100 టెర్మినల్ మామూలుగా 80 గళ్లు, 24 వరుసలే చూపేది. ఈమెయిలు ప్రమాణం వరుసను 78 అక్షరాల లోపు ఉంచితే మంచిదని ఇప్పటికీ చెబుతుంది. ఇంగ్లీషు ప్రోగ్రామర్ల వేళ్లకు ఈ అలవాటు ఎంత గట్టిగా పట్టేసిందంటే, ఈమ్యాక్స్, విమ్ లాంటి ఎడిటర్లలో రాసేటప్పుడు డెబ్బై చిల్లర అక్షరాలు దాటగానే దానంతటదే తెంపు పడేలా పెట్టుకుంటారు. అలా రాసినదాన్ని తెచ్చి వికీలో అతికిస్తారు.

బ్రౌజరు పెట్టె మొదట్నుంచీ మడతలు పెట్టేది కాదు. తొలినాళ్లలో మీరు ఎంటర్ కొట్టేదాకా వరుస కుడివైపుకు సాగుతూనే ఉండేది, దానితోపాటు మీరూ పక్కకు జరుపుకుంటూ పోవాల్సిందే. నెట్‌స్కేప్ బ్రౌజరు ఆ పెట్టెకు ర్యాప్ అనే లక్షణాన్ని తగిలించింది. అందులో ఒక రకం చూపులో మాత్రమే మడిచేది, ఇంకో రకం మడిచినచోట నిజంగానే తెంపు చేర్చి సర్వరుకు పంపేది. 1997 నాటి హెచ్‌టీఎంఎల్ 4 ప్రమాణం ఈ లక్షణాన్ని అసలు గుర్తించనే లేదు. బ్రౌజర్లన్నీ వాడుతూనే పోయాయి. చివరికి హెచ్‌టీఎంఎల్ 5లో సాఫ్ట్, హార్డ్ అన్న పేర్లతో అది ప్రమాణంలోకెక్కింది. ఏమీ చెప్పకపోతే సాఫ్ట్. వికీలకు కావలసిందీ అదే. హార్డ్ పెట్టి ఉంటే ఫోనులో సవరించినవాడు ఫోను వెడల్పును, ల్యాబులో సవరించినవాడు ల్యాబు తెర వెడల్పును వ్యాసంలో ముద్రవేసి పోయేవారు.

వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 మార్చిలో తొలి వికీని తెరిచినప్పుడు ఇలాంటి తగువు ఇంకొకటి వచ్చింది. అక్కడ జాబితా రాయాలంటే వరుస మొదట ట్యాబ్ అక్షరం ఉండాలి. బ్రౌజరులో ట్యాబ్ మీట నొక్కితేనేమో కర్సరు పెట్టె బయటికి దూకుతుంది. చేసేది లేక, ఖాళీలను ట్యాబులుగా మార్చమని అడిగే టిక్కు గడి ఒకటి పెట్టెతోపాటు పెట్టారు. బ్రౌజరులోని ఆ చిన్న పెట్టె ఫారాలు నింపడానికి పుట్టింది. దాంట్లో విజ్ఞాన సర్వస్వాలు రాయడం మనం తర్వాత తెచ్చిపెట్టుకున్న పని.

ఇప్పుడు కుర్రాడి పన్నెండు తెంపుల సంగతి. వాటిని అతను మామూలు పేరాలో వేసి ఉంటే పెద్ద ప్రమాదం లేదు. మీడియావికీ ఒంటరి తెంపును ఖాళీ కిందే జమకడుతుంది. రెండు తెంపులు వెంటవెంటనే వస్తే, అంటే మధ్యలో ఖాళీ వరుస ఉంటే, కొత్త పేరా అంటుంది. మునుజూపు నొక్కితే పన్నెండు వరుసలూ కలిసిపోయి నున్నటి పేరాగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఇక్కడ రెండు రకాలుగా తికమకపడతారు. ఎంటర్ కొట్టినా వరుస విరగలేదేమిటని కొందరు ప్రతి చివరా వరుసను విరిచే బీఆర్ ట్యాగు తగిలిస్తారు, అది మాత్రం అన్ని తెరల మీదా నిజంగానే విరుగుతుంది, ఫోనులో ఒక పొడుగు వరుస, ఒక పొట్టి వరుస, మళ్లీ పొడుగు వరుస వస్తాయి. మిగతావాళ్లు ఎంటర్ ఎక్కడ కొట్టినా పరవాలేదన్న నిర్ణయానికి వచ్చేస్తారు. వికీలో ఇంతకంటే తప్పుడు నిర్ణయం లేదు.

ఎందుకంటే వికీ వ్యాకరణం నడిచేది వరుస మొదలును బట్టి. వరుస తొలి స్థానంలో నక్షత్రం గుర్తు ఉంటే అది చుక్కల జాబితాలో ఒక అంశం. హ్యాష్ గుర్తు ఉంటే అంకెల జాబితా. కోలన్ ఉంటే ఆ వరుస లోపలికి జరుగుతుంది. సమాన గుర్తుల మధ్య ఉన్నది శీర్షిక, అది ఒకే వరుసలో ముగియాలి. పట్టిక లోపల నిలువు గీతతో మొదలైతే అది కొత్త గడి. గడి సంగతి వదిలేస్తే, మిగతావాటికి ముగింపు గుర్తు ఏది? తెంపే. జాబితాలోని అంశం ఎక్కడ అయిపోయిందో మీడియావికీకి తెలియజెప్పేది ఆ కనబడని అక్షరం ఒక్కటే. ఖరగ్‌పూర్‌లోని పేటలను జాబితాగా రాస్తున్నారనుకోండి: గోల్‌బజార్, నింపురా, మథురాకాఠి, ఇందా, ప్రేమ్ బజార్. ప్రేమ్ బజార్ పక్కన రెండు వాక్యాల వివరణ ఇచ్చి, మధ్యలో చూపు కోసం ఎంటర్ కొట్టారు. భద్రపరచగానే మొదటి ముక్క జాబితాలో చుక్క పక్కన ఉంటుంది. రెండో ముక్క జాబితా బయటికొచ్చి, ఎడమ అంచుకు అంటుకుని, ఎవరికీ చెందని పేరాలా నిలబడుతుంది. అంకెల జాబితాలో ఇదే జరిగితే ఆ తర్వాతి అంశం మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలవుతుంది. తెలుగు వికీపీడియాలో ఊళ్ల వ్యాసాలు తిరగేస్తే 1, 2, 3, మళ్లీ 1 అని సాగే జాబితాలు మీకూ తగిలి ఉంటాయి.

వరుస మొదట ఖాళీ వదిలితే ఇంకో వింత. పేరా మొదట్లో కాస్త జాగా వదిలి రాయడం మన బడి అలవాటు. వర్డ్‌లో అలా టైపు చేసినదాన్ని తెచ్చి అతికిస్తే, వరుస మొదటి ఖాళీని మీడియావికీ ‘దీన్ని ముట్టుకోకు, ఉన్నదున్నట్టు చూపు’ అన్న ఆజ్ఞగా తీసుకుంటుంది. పేరా చుట్టూ బూడిదరంగు పెట్టె పడుతుంది. ఒకప్పుడైతే లోపల మడతలు కూడా పడేవి కావు. పేరా మొత్తం ఒకే వరుసగా తెర దాటి కుడివైపుకు పరుగెత్తేది. కంప్యూటరు కోడును చూపించడానికి పెట్టిన సదుపాయం అది. మనవాళ్లు తెలియకుండానే దాన్ని తెగ వాడేశారు. ప్రోగ్రామర్లు తమ అవసరం కోసం రాసుకున్న నియమం ఊరి చరిత్ర రాసే మాస్టారి మెడకు చుట్టుకోవడం నాకైతే అన్యాయంగానే తోస్తుంది.

పద్యాల గతి ఇందుకు పూర్తిగా తలకిందులు. వేమన పద్యాన్ని నాలుగు వరుసల్లో టైపు చేసి భద్రపరిస్తే నాలుగూ కలిసి ఒకే వరుసగా పారతాయి. పద్యానికి తెంపు ప్రాణం, దాన్ని వికీ ఖాళీ కింద కొట్టిపారేస్తుంది. అందుకోసం పోయెమ్ అనే ట్యాగు విడిగా పెట్టాల్సి వచ్చింది. దాని లోపల రాసిన తెంపులన్నీ అలాగే నిలుస్తాయి.

80 అక్షరాల లెక్కను తెలుగు మీదికి తెచ్చినప్పుడు ఏమవుతుందో ఇంకా చెప్పలేదు. ‘శ్రీ’ మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, దీర్ఘ ఈకారం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో ముక్కకు మూడు బైట్లు కావాలి. అంటే శ్రీకారం చుట్టేసరికే పన్నెండు బైట్లు ఖర్చు. 80 బైట్లకు వరుస కోసెయ్యమని ఒక మొద్దు ప్రోగ్రాముకు చెబితే, 26 ముక్కలు పూర్తిగా వచ్చి, 27వ దానిలో రెండు బైట్లు ఇటు, ఒక బైటు అటు పడతాయి. తెరమీద ప్రశ్న గుర్తున్న నల్ల వజ్రాలు కనబడేది అప్పుడే. మీడియావికీని రాసిన పీహెచ్‌పీ భాషలో వరుసలు విరిచే వర్డ్‌ర్యాప్ అనే సిద్ధ ప్రమేయం ఒకటుంది. అదీ లెక్కపెట్టేది బైట్లనే. బైట్లు కాక ముక్కలు లెక్కపెట్టే ప్రోగ్రాము కూడా మనకేం ఒరగబెట్టదు. శకారం పొల్లుతో ఒక వరుసలో ఆగిపోయి, రీ కింది వరుసలో మొదలవొచ్చు.

ఖరగ్‌పూర్ అన్న మాటనే చూడండి. గకారం పొల్లుగా నిలబడి, పకారం దాని కింద వత్తుగా దూరకుండా ఉండాలంటే మధ్యలో వెడల్పు లేని ఒక అక్షరం పెట్టాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. కీబోర్డులు దాన్ని రకరకాల మీటల కింద దాచుకుంటాయి. దాన్ని కలుపుకుంటే ఆ మాటలో తొమ్మిది ముక్కలు, 27 బైట్లు. వెబ్ చిరునామాలో ఒక్కో బైటూ శాతం గుర్తుతో మొదలయ్యే మూడు అక్షరాలుగా మారుతుంది కనుక మొత్తం 81. ఒక ఊరి పేరు ఒక్కటే చిల్లుల కార్డును దాటిపోయింది. అలాంటి చిరునామాను మూలంగా ఉటంకిస్తే సవరణ పెట్టెలో మూడు నాలుగు వరుసలు నిండిపోతాయి, దాని మధ్యలో వ్యాసం వాక్యం ఎక్కడుందో వెతుక్కోవాలి. పైన చెప్పిన 200సీ దగ్గర బ్రౌజరు వరుస విరవదు. దాని అన్న లాంటి 200బీ దగ్గర విరుస్తుంది. అదీ వెడల్పు లేనిదే, అదీ కంటికి ఆననిదే. ఏదో వెబ్‌సైటు నుంచి కాపీ చేసినప్పుడు పదం మధ్యలోకి ఇది చొరబడితే, చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది, వెతికితే మాత్రం ఆ పదం దొరకదు.

బైట్ల లెక్క వికీలో వేరేచోట్ల కూడా మనల్ని పీడించింది. పేజీ పేరుకు హద్దు 255 బైట్లు. ఇంగ్లీషుకు 255 అక్షరాలు, తెలుగుకు 85 ముక్కలు. ఏం మార్చారో చెప్పే దిద్దుబాటు సారాంశానికీ చాలా ఏళ్లు ఇదే హద్దు ఉండేది. 2018లో దాన్ని 500 ముక్కలకు పెంచి, లెక్కను బైట్ల నుంచి తప్పించారు. అప్పటిదాకా తెలుగువాళ్లకు మూడో వంతు మాటలతోనే సంజాయిషీ చెప్పుకునే వీలుండేది.

మామూలు పేరాలో ఒంటరి తెంపు ఏ హానీ చెయ్యదన్నాను. పాఠకుడికి చెయ్యదు నిజమే. పక్క సంపాదకుడికి చేస్తుంది. వికీలో ఎవరు ఏం మార్చినా ‘చరితం’లో పాత కూర్పూ కొత్త కూర్పూ పక్కపక్కన పెట్టి తేడా చూసుకోవచ్చు. తప్పుడు సమాచారం చేరకుండా కాపలా కాసేవాళ్లకు ఆధారం ఆ తేడాయే. మీడియావికీ ముందు వరుసలను వరుసలతో పోలుస్తుంది. మారిన వరుస దొరికాక దాని లోపల పదాలను పోల్చి, మారిన పదానికి రంగు వేస్తుంది. పేరా ఒకే వరుసగా ఉంటే, 1072.5ను ఎవరో 1027.5 చేస్తే, ఆ ఒక్క అంకె రంగు పులుముకుని బయటపడుతుంది. ఇప్పుడు అదే పేరాను డెబ్బై అక్షరాలకొక తెంపుతో రాశారనుకోండి. రెండో వరుసలో ఒక మాట కొత్తగా చేరింది. వరుస పొడుగైంది. ఎడిటరు మొత్తం పేరాను మళ్లీ సర్దింది. కింది పది వరుసల్లోనూ తెంపులు జరిగాయి. తేడా పేజీలో పదకొండు వరుసలూ మారినట్టే తేలతాయి, వాటి మధ్య తారుమారైన అంకె హాయిగా దాక్కుంటుంది. దుర్బుద్ధితో చేశారా, తెలియక చేశారా అన్నది కూడా చెప్పలేం.

ఖరగ్‌పూర్ ఐఐటీ విద్యార్థులు మెటాకేజీపీ అనే వికీ నడుపుతారు. అదీ మీడియావికీ మీదనే నడుస్తుంది. ప్రాంగణం సంగతులు, హాళ్లు, సంఘాలు, చుట్టుపక్కల తిండి చోట్ల గురించి వాళ్లే ఇంగ్లీషులో రాసుకుంటారు. అలాంటి చోట ప్రోగ్రామర్లు ఎక్కువ, కోడులో మార్పులను దాచే గిట్ అనే సాధనంలో వరుసల లెక్కన తేడాలు చూసే అలవాటు వాళ్లకు ముందే ఉంటుంది. వాళ్లు మెచ్చే ఇంకో పద్ధతి ఉంది: వాక్యానికో వరుస. బెల్ ల్యాబ్స్‌లో బ్రయన్ కెర్నిగన్ 1974లో యూనిక్స్ కొత్తవాళ్ల కోసం రాసిన పరిచయంలో ఈ సలహా కనిపిస్తుంది. ప్రతి వాక్యాన్నీ కొత్త వరుసలో మొదలెట్టండి, తర్వాత దిద్దేటప్పుడు సుళువవుతుంది అన్నది దాని సారం. ఇక్కడ తెంపు పడేది తెర వెడల్పును బట్టి కాదు, వాక్యం ముగిసినచోట. ఒక వాక్యం మారితే ఆ ఒక్క వరుసే మారుతుంది. వికీలోనూ పాఠకుడికి ఏ తేడా తెలియదు, వాక్యాలు కలిసి పేరాగానే కనబడతాయి.

అయినా తెలుగు వికీపీడియాలో దీన్ని నేను సిఫారసు చెయ్యను. నలుగురు దిద్దే పేజీలో పద్ధతి నలుగురికీ తెలిసి ఉండాలి. మొదటివాడు వాక్యానికో వరుస రాస్తే, రెండోవాడు అది పొరపాటనుకుని అన్నీ కలుపుతాడు. మూడోవాడు ఆ పేరాను అలాగే తీసుకెళ్లి జాబితాలో పెడతాడు, పైన చెప్పుకున్నట్టు జాబితా చెదిరిపోతుంది. పేరాకూ పేరాకూ మధ్య ఒక ఖాళీ వరుస, జాబితాలో అంశానికి ఒక తెంపు, శీర్షికకు ముందూ వెనకా ఒక్కోటి. అంతకుమించి వద్దు. మూసల్లో, అంటే టెంప్లేట్లలో, ఒక్కో విలువను ఒక్కో వరుసలో రాయడం మాత్రం మంచిదే, అక్కడ ఆ తెంపును కూడా అందరూ ఎరుగుదురు.

మడత ఏదో తెంపు ఏదో కనిపెట్టే సదుపాయం ఇప్పుడు పెట్టెలోనే ఉంది. కోడ్‌మిర్రర్ అనే రంగుల ఎడిటరును మీడియావికీకి జోడించారు. దానిలో వరుస సంఖ్యలు వేసుకుంటే, తెంపుతో మొదలైన వరుసకే అంకె పడుతుంది. మడత వల్ల వచ్చిన వరుస పక్కన అంకె ఉండదు. పీడీఎఫ్ నుంచి తెచ్చి అతికించాక ఎడమ అంచున 14, 15, 16, 17 అని వరసగా అంకెలు పడితే ఇంకేం చూడక్కర్లేదు, తెంపులు వచ్చిపడ్డాయని అర్థం. పైన చెప్పిన 200బీ లాంటి దొంగ అక్షరాలను కూడా అది ఎర్ర చుక్కగా చూపి పట్టిస్తుంది.

ఇన్ని ఉన్నా ఏ సాఫ్ట్‌వేరూ తేల్చలేని చోటు ఒకటుంది. అది వికీసోర్స్. పాత తెలుగు పుస్తకాల స్కాన్లను పేజీపేజీకి పాఠంగా మార్చి, అచ్చుతో పోల్చి దిద్దే ప్రాజెక్టు. యంత్రం బొమ్మను చదివి ఇచ్చిన పాఠంలో అచ్చు వరుసలన్నీ తెంపులతో వస్తాయి. వాటిని అలాగే ఉంచడమే మంచిదని కొందరు దిద్దుబాటుదారులు అంటారు. పక్కనున్న స్కానుతో వరుసకు వరుస పోల్చుకోవడం తేలిక, వికీ ఎలాగూ వాటిని ఖాళీలుగా మార్చేస్తుందన్నది వాళ్ల వాదన. ఇంగ్లీషు పుస్తకానికి ఆ వాదన చెల్లుతుంది. అక్కడ వరుస చివర పదం విరిగితే అడ్డగీత ఉంటుంది, దాన్ని పట్టుకుని కలపొచ్చు. మన తాళపత్రాల మీద పదాల మధ్య ఖాళీలే వదిలేవారు కాదు, ఆకు అంచు రాగానే ఏ అక్షరం దగ్గరైనా ఆపి, కింద కొనసాగించేవారు. అచ్చు యంత్రం వచ్చాక పదాల మధ్య ఖాళీలు వచ్చాయి, వరుస చివర తెంచే అలవాటు మాత్రం చాలాచోట్ల గీత లేకుండానే సాగింది. అందుకే పాత పుస్తకంలో ‘విశ్వవిద్యా’ ఒక వరుస చివర, ‘లయం’ ఇంకో వరుస మొదట ఉంటే, వికీ ఆ తెంపును ఖాళీ చేసి ‘విశ్వవిద్యా లయం’ అని చూపిస్తుంది. విశ్వవిద్యాలయం అని వెతికినవాడికి ఆ పేజీ దొరకదు. అలాగని తెంపులన్నిటినీ ఒక్క దెబ్బతో తుడిచేస్తే నిజంగా విడివిడిగా ఉండాల్సిన పదాలు అతుక్కుపోతాయి. ఇది ఒకే పదమా, రెండు పదాలా అన్నది తెలుగు చదవగలిగిన మనిషి ప్రతి వరుస చివరా ఆగి తేల్చాల్సిందే. సమాసాల దగ్గర ఆ మనిషికీ సందేహం వస్తుంది. ‘రైలు’ వరుస చివర, ‘బండి’ కింద ఉంటే, రచయిత మిగతాచోట్ల కలిపి రాశాడా విడదీశాడా అని నాలుగు పేజీలు వెనక్కి తిప్పాలి.

పుట మారేచోట పని ఇంకా ఎక్కువ. విడివిడి పుటలను కలిపి అధ్యాయంగా చూపేటప్పుడు వికీసోర్స్ ఒక పుటకూ ఇంకో పుటకూ నడుమ తనంతట తానే ఒక ఖాళీ చేరుస్తుంది. పుట చివర హైఫన్ ఉంటే దాన్ని తీసేసి పదాన్ని కలిపే తెలివి దానికి తర్వాత అబ్బింది. తెలుగు పుటలో హైఫనే లేనప్పుడు ఆ తెలివి అక్కరకు రాదు. కాబట్టి దిద్దేవాళ్లు పదం మొత్తాన్ని మొదటి పుట చివరే, అధ్యాయంలో కలిపినప్పుడు మాత్రమే కనబడేలా రాస్తారు. రెండో పుట మొదట ఉన్న మిగతా సగాన్ని ఆ పుటను విడిగా చూసినప్పుడే కనబడేలా దాస్తారు. స్కాను పక్కన పెట్టి చూసేవాడికి అచ్చులో ఉన్నట్టు రెండు ముక్కలుగానూ, అధ్యాయం చదివేవాడికి ఒక్క పదంగానూ అది కనిపిస్తుంది.